గెలిచినవాడికి 19, రెండోవాడికి 24: ప్రపంచ ర్యాలీ పాయింట్ల లెక్క ఎందుకు మారుతూ వస్తోంది?

2024 ఫిబ్రవరిలో స్వీడన్ ర్యాలీని ఎసపెక్క లాపి గెలిచాడు. 2017లో సొంత దేశం ఫిన్లాండ్‌లో గెలిచాక ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో అతనికి మళ్లీ గెలుపు దక్కింది అప్పుడే. పోడియం మీద పై మెట్టు, హ్యుందాయ్ జట్టు కేరింతలు, అంతా సవ్యంగానే జరిగింది. ఆ తర్వాత పాయింట్లు చూస్తే లాపికి 19. అతని వెనక రెండో స్థానంలో వచ్చిన టొయోటా డ్రైవర్ ఎల్ఫిన్ ఎవన్స్‌కి 24.

లెక్క వేసినవాళ్ల పొరపాటేమీ లేదు. ఆ ఏడాది నిబంధనలే అలా ఉన్నాయి. ఒక ఆటలో గెలిచినవాడికన్నా ఓడినవాడికి ఎక్కువ ఇచ్చే రూలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఏడాది తిరక్కుండానే ఎందుకు కొట్టేశారు అన్నది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే 2024 నాటి పట్టిక తిక్కగా కనిపించినా, అది పరిష్కరించాలనుకున్న సమస్య మాత్రం నిజమైనదే.

ముందుగా, ర్యాలీ ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫార్ములా వన్‌లాగా అందరూ ఒక్కసారే బయల్దేరి ఒకరినొకరు దాటుకునే పోటీ కాదిది. మామూలు రోడ్లను మూసేసి, వాటిని స్టేజీలుగా విడగొట్టి, ఒక్కో కారునీ కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. కారులో డ్రైవర్ పక్కన కో-డ్రైవర్ కూర్చుని రాబోయే మలుపులను నోట్స్ చూసి చదువుతుంటాడు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా సుమారు 300 కిలోమీటర్ల స్టేజీలు ఉంటాయి. అన్ని స్టేజీల సమయాలూ కలిపితే ఎవరిది తక్కువో వాడే విజేత. పోటీ గడియారంతోనే తప్ప పక్క కారుతో కాదు.

మూడు రోజుల పాటు సమయాలు కూడుతూ పోవడమే ర్యాలీ అందం. టీవీకి మాత్రం అదే తలనొప్పి.

ఒక్క పాయింటు కథ

పాయింట్ల పట్టిక అంటే అయిపోయిన ఆటకి మార్కులు వేయడమని మనం అనుకుంటాం. డ్రైవర్లు దాన్ని వేరేగా చదువుతారు. ఎక్కడ రిస్క్ తీసుకోవాలో, ఎక్కడ తీసుకోకూడదో వాళ్లకి ఆ పట్టికే చెబుతుంది. 2009 సీజన్ చూడండి, విషయం తేటతెల్లమవుతుంది.

అప్పట్లో మొదటి ఎనిమిది స్థానాలకి 10-8-6-5-4-3-2-1 ఇచ్చేవారు. మొత్తం 12 ర్యాలీలు. సిట్రోయెన్ డ్రైవర్ సెబాస్టియన్ లోబ్ ఏడు గెలిచాడు. ఫోర్డ్ డ్రైవర్ మిక్కో హిర్వోనెన్ నాలుగు గెలిచాడు. ఏడుకీ నాలుగుకీ ఎంత తేడా? పట్టిక ప్రకారం ఒకే ఒక్క పాయింటు. లోబ్ 93, హిర్వోనెన్ 92.

హిర్వోనెన్ ఆ నాలుగు గెలుపులు కాక ఐదుసార్లు రెండో స్థానంలో, రెండుసార్లు మూడో స్థానంలో వచ్చాడు. ఒక్క అర్జెంటీనాలో మాత్రమే ఖాళీ చేతులతో వెళ్లాడు. రెండో స్థానానికి 8 వస్తున్నప్పుడు ఇంకో రెండు పాయింట్ల కోసం కారు గోతిలో పెట్టుకునే అవసరం ఏముంది? బుద్ధున్నవాడెవడైనా అదే చేస్తాడు. లోబ్‌కి గ్రీస్‌లో సున్నా, పోలాండ్‌లో 2 వచ్చాయి. ఆ రెండు వారాంతాలు ఏడు గెలుపులని దాదాపు మింగేశాయి.

2010లో పట్టికని 25-18-15-12-10-8-6-4-2-1కి మార్చారు. ఫార్ములా వన్‌లో కూడా అదే ఏడాది అదే పట్టిక వచ్చింది. 2009 ఫలితాలనే ఈ కొత్త పట్టికలో వేసి చూస్తే లోబ్‌కి 229, హిర్వోనెన్‌కి 220 వస్తాయి. ఒక్క పాయింటు తేడా తొమ్మిదికి పెరుగుతుంది. కొత్త పట్టికలో గెలుపు విలువ పాతదానికి రెండున్నర రెట్లు. తేడా మాత్రం తొమ్మిది రెట్లయింది. రెండో స్థానం విలువ పదిలో ఎనిమిది నుంచి ఇరవై ఐదులో పద్దెనిమిదికి దిగింది, అంటే 80 శాతం నుంచి 72 శాతానికి. చిన్న సవరణే. కానీ రెండో స్థానంతో సరిపెట్టుకునేవాడికి ధర పెరిగింది.

ఆదివారం సమస్య

2011లో పవర్ స్టేజ్ వచ్చింది. ర్యాలీలో చివరి స్టేజిని టీవీలో లైవ్ చూపిస్తూ, అందులో అందరికన్నా వేగంగా వెళ్లిన ముగ్గురికి 3-2-1 అదనపు పాయింట్లు ఇచ్చేవారు. 2017 నుంచి దాన్ని ఐదుగురికి పెంచి 5-4-3-2-1 చేశారు. అలా ఒక వారాంతంలో గరిష్ఠంగా 30 పాయింట్లు సంపాదించే వీలు కలిగింది.

పవర్ స్టేజ్ మంచి ఆలోచనే. జనం దాన్ని ఇష్టపడ్డారు కూడా. ఇబ్బంది దాని ముందున్న గంటల్లో మొదలైంది. ర్యాలీలో టైర్ల సంఖ్యకి పరిమితి ఉంటుంది. శనివారం సాయంత్రానికి ముందున్నవాడికి 40 సెకన్ల ఆధిక్యం ఉందనుకోండి. ఆదివారం ఉదయం అతనికి తొందరేమీ ఉండదు. రెండో వాడికి పైకి వెళ్లే ఆశ లేదు, మూడోవాడి నుంచి భయమూ లేదు. ఇక ఇద్దరూ టైర్లు అరగకుండా మెల్లగా నడిపి, బలమంతా చివరి స్టేజికి దాచుకుంటారు. శుక్రవారమే దెబ్బ తిని వెనకబడ్డవాడైతే మరీనూ. అతనికి మిగిలింది పవర్ స్టేజ్ ఒక్కటే కాబట్టి మిగతా స్టేజీలని షికారు వెళ్లినట్టు పూర్తి చేసేవాడు. ఆదివారం టికెట్టు కొనుక్కుని అడవిలో చలికి వణుకుతూ నిలబడ్డ ప్రేక్షకుడి ముందు నుంచి ప్రపంచంలోకెల్లా వేగమైన ర్యాలీ కార్లు పొదుపుగా వెళ్తుంటే ఎలా ఉంటుంది?

దానికి మందుగా 2024 పట్టిక వచ్చింది. ర్యాలీని రెండుగా కోసేశారు. శనివారం రాత్రికి ఉన్న స్థానాలని బట్టి మొదటి పదిమందికి 18-15-13-10-8-6-4-3-2-1. ఆదివారం స్టేజీలని విడిగా కూడి, ఆ ఒక్క రోజు వేగంగా వెళ్లిన ఏడుగురికి 7-6-5-4-3-2-1. పవర్ స్టేజ్‌కి ఎప్పటిలాగే 5-4-3-2-1. మొత్తం కలిపితే మళ్లీ 30 గరిష్ఠం. శనివారం పాయింట్లు తాత్కాలికం. ఆదివారం ముగింపు దాకా కారు తీసుకురాకపోతే అవి పోతాయి.

ఈ పట్టికలో ఒక వస్తువు కనబడదు. మూడు రోజుల ర్యాలీని గెలిచినందుకు ఇవ్వాల్సిన పాయింట్లు ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు. ర్యాలీ విజేతకి కప్పు ఇస్తారు, చరిత్రలో పేరు రాస్తారు. చాంపియన్‌షిప్ లెక్కలో మాత్రం అతని గెలుపుకి విలువ సున్నా. టెస్ట్ మ్యాచ్‌లో నాలుగో రోజు స్టంప్స్ వేళకున్న స్కోరుకి పాయింట్లు పంచేసి, ఐదో రోజుని విడి మ్యాచ్‌గా ఆడించి, మొత్తం టెస్ట్ గెలిచినవాడికి కరచాలనం ఇచ్చి పంపడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆ సీజన్ తొలి ర్యాలీ మాంటె కార్లోలో తేడా కనబడలేదు. బెల్జియం డ్రైవర్ థియెరీ నూవిల్ శనివారమూ ముందున్నాడు, ఆదివారమూ ముందున్నాడు, పవర్ స్టేజ్ కూడా గెలిచి 30కి 30 పట్టుకెళ్లాడు. అంతా బాగుంది అనుకున్నారు. రెండో ర్యాలీ స్వీడన్. లాపి శనివారం రాత్రికి ముందున్నాడు, 18 వచ్చాయి. ఆదివారం కారుని జాగ్రత్తగా ఇంటికి తెచ్చాడు. సంవత్సరాల తర్వాత గెలుపు కనుచూపు మేరలో ఉన్నవాడు ఏం చేయాలో అదే చేశాడు. ఆ జాగ్రత్తకి ఆదివారం మొత్తానికి దక్కింది ఒక్క పాయింటు. వెనక ఉన్న ఎవన్స్‌కి పోగొట్టుకునేది తక్కువ కాబట్టి ఆదివారం గట్టిగా నడిపి పాయింట్లు కుప్ప పోసుకున్నాడు.

ఈ రూలు ఎంతదాకా పోగలదో లెక్క వేయండి. శనివారం మొదటివాడికీ రెండోవాడికీ తేడా మూడు పాయింట్లే. రెండోవాడు ఆదివారం, పవర్ స్టేజ్ రెండూ గెలిస్తే 15, 7, 5 కలిపి 27. మొదటివాడు ఆధిక్యం కాపాడుకుంటూ వెళ్తే 18తో ఆగిపోవచ్చు. అంటే ర్యాలీ గెలిచి కూడా చాంపియన్‌షిప్‌లో తొమ్మిది పాయింట్లు వెనకబడొచ్చు.

ఏప్రిల్‌లో క్రొయేషియాలో ఇదే కథ తిరగబడి జరిగింది. శనివారం రాత్రికి నూవిల్ ముందు, ఎవన్స్ రెండు, టొయోటా డ్రైవర్ సెబాస్టియన్ ఓజియే మూడు. ఆదివారం ముందున్న ఇద్దరూ తప్పులు చేశారు. ఓజియే గెలిచాడు. నూవిల్ మూడో స్థానానికి జారాడు. అయినా శనివారం నాటి 18 అతని జేబులోనే ఉన్నాయి. గెలిచిన ఓజియేకి శనివారం లెక్కలో వచ్చింది 13. తప్పు చేసినవాడికి శిక్ష సగమే, ఓపిక పట్టినవాడికి బహుమతీ సగమే.

ర్యాలీ అభిమానులకి ఇది ఎందుకు మింగుడుపడలేదంటే, ఈ ఆట పురాణాలన్నీ ముగింపు గీత దగ్గరే పుట్టాయి. 1998లో కార్లోస్ సైన్స్ ప్రపంచ టైటిల్ అందుకోబోతుండగా బ్రిటన్ ర్యాలీలో చివరి స్టేజి ముగియడానికి 500 మీటర్ల ముందు అతని టొయోటా ఇంజిన్ చచ్చిపోయింది. అప్పటికే పోటీ నుంచి తప్పుకున్న టామీ మాకినెన్ చాంపియన్ అయ్యాడు. క్రూరమే, కానీ ఆ క్రూరత్వమే ర్యాలీ. శనివారం రాత్రి సగానికి పైగా పంట ఇంటికి చేరిపోయే పద్ధతిలో ఆ టెన్షన్ పలచబడిపోతుంది.

నిజం చెప్పాలంటే 2024 పట్టిక ఆ క్రూరత్వాన్ని పూర్తిగా చంపలేదు. ఫిన్లాండ్‌లో కల్లె రొవాన్‌పెరా ఇంటి ప్రేక్షకుల ముందు తిరుగులేని ఆధిక్యంలో ఉండి, ఆదివారం చివరి నుంచి రెండో స్టేజిలో రాయికి కొట్టుకుని బోల్తా పడ్డాడు. శనివారం పాయింట్లు కూడా గాలికి పోయాయి. ఆఖరి ర్యాలీ జపాన్‌లో ఓట్ తానక్ శనివారం రాత్రికి ముందున్నాడు. ఆదివారం తొలి స్టేజిలోనే రోడ్డు దాటి చెట్లలోకి వెళ్లాడు. ఆ ఒక్క క్షణంలో రెండు టైటిళ్లు కదిలిపోయాయి. తానక్‌తో పోటీ పడుతున్న నూవిల్, శుక్రవారం టర్బో ఇబ్బందితో వెనకబడినవాడు, అక్కడికక్కడే తొలిసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే సమయంలో ఇద్దరి యజమాని అయిన హ్యుందాయ్‌కి తయారీదారుల టైటిల్ చేజారడం మొదలైంది. పవర్ స్టేజ్ మొదలయ్యేసరికి టొయోటా, హ్యుందాయ్ సమానం. ఆ స్టేజి ఓజియే గెలిచాడు. టొయోటా 561, హ్యుందాయ్ 558. సంబరం, దుఃఖం ఒకే గుడారంలో ఉంటే ఎలా ఉంటుందో ఆ సాయంత్రం హ్యుందాయ్ వాళ్లని అడగాలి.

కాబట్టి 2024 పద్ధతి ఆదివారాన్ని రక్తి కట్టించలేదని అనలేం. కట్టించింది. దానికి చెల్లించిన ధర గెలుపు అన్న మాట విలువ. టీవీ ముందు కూర్చున్నవాడు మూడు పట్టికలు పక్కపక్కన పెట్టుకుని కూడికలు చేసుకోవాల్సి వచ్చింది. డ్రైవర్లు బహిరంగంగానే విసుక్కున్నారు.

17 ఎందుకు?

2025లో ఆ పట్టిక పోయింది. ర్యాలీ మొత్తం మీద స్థానాలకే మళ్లీ పెద్ద పాయింట్లు: 25-17-15-12-10-8-6-4-2-1. ఆదివారానికి ఐదుగురికి 5-4-3-2-1, దీని పేరు సూపర్ సండే. పవర్ స్టేజ్‌కి 5-4-3-2-1. గరిష్ఠం 35. ఎవన్స్ ఆ ఏడాది స్వీడన్‌లో 35కి 35 కొట్టాడు.

పాత పట్టిక తెలిసినవాళ్ల కన్ను వెంటనే పడేది రెండో స్థానం మీద. 18 ఉండాల్సిన చోట 17 ఉంది. ముద్రణ దోషంలా కనబడే ఈ ఒక్క అంకె, నా దృష్టిలో, మొత్తం సవరణలో తెలివైన భాగం. ఆదివారం, పవర్ స్టేజ్ కలిపి 10 పాయింట్లు విడిగా ఉన్నాయి. రెండోవాడు ఆ పదీ గెలిచి, విజేత ఒక్కటి కూడా తెచ్చుకోకపోతే 27కి 25. రెండోవాడు ఇంకా రెండు పాయింట్లు ముందుంటాడు. 18 ఉంచి ఉంటే తేడా మూడు అయ్యేది. మూడోవాడు అన్నీ గెలిస్తే సరిగ్గా 25, విజేతతో సమానం. అంటే స్వీడన్ లాంటి వింత పూర్తిగా అసాధ్యం కాలేదు, కానీ తొమ్మిది పాయింట్ల దాకా ఉండే లోయ రెండుకి తగ్గింది. పైగా విజేత ఆదివారం కాస్త కాలు ఆనిస్తే అదీ ఉండదు.

మొదటి, రెండో స్థానాల మధ్య తేడా ఎనిమిది అయింది. రెండు, మూడు మధ్య మాత్రం రెండే. రెండో స్థానంలో ఉన్నవాడికి పట్టిక ఏం చెబుతోంది? కిందకి జారితే పోయేది రెండు, పైకి వెళ్తే వచ్చేది ఎనిమిది, తొక్కు! 2009లో హిర్వోనెన్‌కి పట్టిక చెప్పిన మాటకి ఇది పూర్తిగా ఎదురు.

ముందు నడిచేవాడి బరువు

పాయింట్ల గురించి మాట్లాడి రోడ్డు వరస గురించి మాట్లాడకపోతే ర్యాలీ సగమే అర్థమవుతుంది. వేరే మోటార్ క్రీడల నుంచి వచ్చినవాళ్లకి నమ్మబుద్ధి కాని రూలు ఇది: చాంపియన్‌షిప్‌లో ముందున్నవాడు తొలి రోజు స్టేజీల్లో అందరికన్నా ముందు బయల్దేరాలి.

మట్టి రోడ్డు మీద ఇది శిక్షే. పైన పలచగా పరుచుకున్న కంకర, ఇసుక టైరుని గట్టి నేల తాకనివ్వవు. మొదటి కారు ఆ పొరని పక్కకి తోసుకుంటూ, జారుకుంటూ వెళ్తుంది. రెండో కారుకి చక్రాల దారి కొంచెం కనబడుతుంది. ఏడో ఎనిమిదో కారు వచ్చేసరికి గట్టి నేల బయటపడి, టైరుకి పట్టు దొరుకుతుంది. ఒక మూల దగ్గర నిలబడి వరసగా వచ్చే కార్లని చూస్తే తేడా చెవులకే తెలుస్తుంది: మొదటి కార్ల టైర్లు గులకరాళ్లని వెదజల్లుతాయి, తర్వాతివి నేలని కరుచుకుంటాయి. చిక్‌మగళూరు కాఫీ తోటల మట్టి దారుల్లో మన దేశపు ర్యాలీలు చూసినవాళ్లకి ఆ ఎర్రటి వదులు మట్టి సంగతి చెప్పనక్కర్లేదు. తారు రోడ్డు మీద వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ ముందు వెళ్లిన కార్లు మలుపులు కోస్తూ పక్క మట్టిని రోడ్డు మీదకి లాగుతాయి కాబట్టి శుభ్రమైన రోడ్డు మొదటివాడిదే. కానీ సీజన్‌లో మట్టి ర్యాలీలే ఎక్కువ.

ఈ రూలు కూడా మారుతూ వచ్చింది. 2015లో ముందున్నవాడు రెండు రోజులు రోడ్డు ఊడ్వాలన్నారు. ఆ రోజుల్లో వరసగా టైటిళ్లు గెలుస్తున్న ఓజియే దీని మీద మండిపడ్డాడు. అతన్ని ఆపడానికే ఈ రూలన్న అనుమానం అభిమానుల్లోనూ ఉండేది. (ఆపలేకపోయింది. ఆ ఏడాదీ టైటిల్ అతనిదే.) 2017లో దాన్ని మొదటి రోజుకి కుదించారు. తర్వాతి రోజుల్లో ర్యాలీలో వెనకున్నవాళ్లు ముందు బయల్దేరతారు.

ఇప్పుడు 2025కి రండి. ఓజియే పూర్తి సీజన్ ఆడే రోజులు ఎప్పుడో పోయాయి. ఆ ఏడాది 14 ర్యాలీల్లో అతను 11 మాత్రమే ఆడాడు. స్వీడన్, కెన్యా, ఎస్టోనియాలకి రానే లేదు. ఎవన్స్ మొత్తం 14 ఆడాడు. స్వీడన్, కెన్యా రెండూ గెలిచి పట్టికలో పైకెక్కాడు. ఎక్కినందుకు పోర్చుగల్, సార్డీనియా మట్టి మీద శుక్రవారం అందరికన్నా ముందు నడవాల్సి వచ్చింది. ఆ రెండు ర్యాలీలూ గెలిచింది ఓజియే. రాని ర్యాలీల వల్ల పట్టికలో కిందున్నాడు, కిందున్నందుకు శుభ్రమైన రోడ్డు దొరికింది. ఒకప్పుడు రోడ్డు వరస మీద అందరికన్నా ఎక్కువ గొంతెత్తిన మనిషికే చివరికి అది కలిసొచ్చింది.

గెలుపుకి 25 వస్తున్నప్పుడు తక్కువ ర్యాలీలు ఆడి ఎక్కువ గెలిచే లెక్క పనిచేస్తుంది. ఓజియే ఆరు గెలిచాడు. ఆఖరి ర్యాలీ సౌదీ అరేబియాలో. అక్కడికి ఎవన్స్ మూడు పాయింట్ల ఆధిక్యంతో వచ్చాడు. ఓజియే మూడో స్థానంలో, ఎవన్స్ ఆరో స్థానంలో ముగించారు. 15కీ 8కీ తేడా ఏడు. మూడు వెనకున్నవాడు నాలుగు ముందుకొచ్చాడు. ఓజియే 293, ఎవన్స్ 289. లోబ్ తొమ్మిది టైటిళ్ల రికార్డుని ఓజియే సమం చేశాడు.

దీన్ని అన్యాయమనేవాళ్లున్నారు. మూడు ర్యాలీలు ఎగ్గొట్టినవాడు చాంపియనా అని. 11 ఆటల్లో ఆరు గెలిచినవాడు కాకపోతే ఇంకెవడు అన్నది నా మాట. ఎవన్స్ గెలిచింది రెండే. ముందటి ఏడాది నూవిల్ కూడా మాంటె కార్లో, గ్రీస్ రెండే గెలిచి చాంపియన్ అయ్యాడు. అప్పుడు అందరికన్నా ఎక్కువగా నాలుగు ర్యాలీలు గెలిచిన రొవాన్‌పెరా సగం సీజనే ఆడాడు. నూవిల్ టైటిల్‌కి అర్హుడు కాడని అనను. కానీ రెండు సీజన్లనీ పక్కపక్కన పెడితే ఏ పట్టిక ఏ రకం చాంపియన్‌ని కోరుకుందో కనబడుతుంది.

కార్ల సంగతి క్లుప్తంగా

2025లో పాయింట్లతో పాటు కారు కూడా మారింది. 2022లో ర్యాలీ1 పేరుతో వచ్చిన కార్లలో పెట్రోల్ ఇంజిన్‌కి తోడు 100 కిలోవాట్ల హైబ్రిడ్ యూనిట్ ఉండేది. ప్రమాదం జరిగి కారు మీద ఎర్ర లైటు వెలిగితే కరెంటు భయం, ప్రేక్షకులు ముట్టుకోకూడదు. గోతిలో పడ్డ కారుని ఊరి జనం పదిమంది కలిసి ఎత్తి రోడ్డు మీద పెట్టే ర్యాలీ సంప్రదాయానికి ఇది సరిపడని వస్తువు. ఖర్చూ ఎక్కువే. తీసేయాలని ఒకసారి, ఉంచాలని ఒకసారి నిర్ణయించి, చివరికి 2024 నవంబర్‌లో తీసేశారు. కారు కనీస బరువు 1260 కిలోల నుంచి 1180కి దిగింది. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది కాబట్టి ఇంజిన్‌కి గాలి వెళ్లే రెస్ట్రిక్టర్‌ని 36 మిల్లీమీటర్ల నుంచి 35కి కుదించారు. టైర్లు కూడా పిరెల్లి నుంచి హాంకుక్‌కి మారాయి.

అసలు పెద్ద మార్పు 2027ది. కారు ధరకి 3,45,000 యూరోల పరిమితి పెట్టారు. గొట్టాలతో అల్లిన ఫ్రేమ్ మీద ఎవరి బాడీ వాళ్లు తొడుక్కోవచ్చు. పెద్ద కంపెనీలే కాక చిన్న సంస్థలు కూడా కారు కట్టి దిగొచ్చు. ఇప్పుడు రెండో తరగతిలో నడిచే ర్యాలీ2 కార్లు కూడా వీటితో పాటు పోటీ పడతాయి. కారణం దాచుకునేది కాదు. 2016 చివర ఫోక్స్‌వాగన్ వెళ్లిపోయింది, 2019 చివర సిట్రోయెన్ వెళ్లిపోయింది. ర్యాలీ1 కాలమంతా మూడు జట్లే: టొయోటా, హ్యుందాయ్, ఫోర్డ్ పూమా నడిపే ఎం-స్పోర్ట్.

ఇంకా మిగిలిన చిల్లు

ఈ కార్ల కొరతే పాయింట్ల పట్టికలో ఒక చిల్లుని పూడ్చనివ్వడం లేదు. శుక్రవారం చెట్టుకి కొట్టుకున్నవాడు కూడా కారు బాగుచేసుకుని మర్నాడు మళ్లీ రావచ్చు. తప్పిపోయిన ప్రతి స్టేజికీ పది నిమిషాల పెనాల్టీ పడుతుంది కాబట్టి ర్యాలీలో పై స్థానం ఆశ ఉండదు. కానీ ఆదివారం లెక్క ఆదివారానిదే. పెనాల్టీ దాన్ని అంటదు. ఆదివారం, పవర్ స్టేజ్ రెండూ గెలిస్తే అతనికి 10 వస్తాయి. మూడు రోజులూ ఒక్క గీత పడకుండా కారు నడిపి ఐదో స్థానంలో వచ్చినవాడికీ ఆ స్థానానికి అంతే, 10. 2024లో ఇది ఇంకా ఘోరం: ఆదివారం మొత్తం 12, శనివారం నాలుగో స్థానానికి 10.

మందు సులువుగానే కనిపిస్తుంది. మూడు రోజుల్లో ఒక్క స్టేజి తప్పినా సూపర్ సండే పాయింట్లు లేవు, పవర్ స్టేజ్ మాత్రం అందరిదీ అంటే సరిపోతుంది. నేనైతే అదే రాస్తాను. దెబ్బ తిన్నవాడికి 5 దాకా ఆశ మిగులుతుంది, నిలబడ్డవాడి ఐదో స్థానానికి విలువ నిలుస్తుంది.

దీనికి నిర్వాహకుల జవాబు కూడా ఊహించదగినదే. పై తరగతిలో ఒక ర్యాలీకి వచ్చేవి పదీ పన్నెండు కార్లు. శుక్రవారం మట్టి మీద అందులో మూడు పోతే, వాటికి ఆదివారం తిరిగొచ్చే కారణం లేకుండా చేస్తే, అడవిలో నిలబడ్డ జనం ఏడెనిమిది కార్లు చూసి ఇంటికి వెళ్లాలి. ఒక్క స్టేజి కోసం మెకానిక్కులు రాత్రంతా మేలుకుని కారు కట్టడం ఏ జట్టుకీ గిట్టుబాటు కాదు. 2027 కార్లతో పై తరగతిలో ఇరవై ముప్ఫై కార్లు చేరితే ఆ వాదనకి బలం తగ్గుతుంది. చేరకపోతే శుక్రవారం గోతిలో పడ్డవాడికి ఆదివారం 10 పాయింట్ల తలుపు తెరిచే ఉంటుంది.